ఆయిల్ మూత కింద నురగ

అరచేతిలో ఇమిడే ఇనుప మూత. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు అదే. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాన్నది చిలకలూరిపేటలో మిర్చి కొట్టు. రైతు బస్తా విప్పగానే నాన్న ఒక కాయ తీసి, చెవి దగ్గర తుంచి, పెదవి విరిచి, "తేమ ఉందయ్యా" అనేవాడు. ఉన్నా అనేవాడు, లేకున్నా అనేవాడు. రైతుకూ ఆ సంగతి తెలుసు. అవతలివాడు నమ్మడని తెలిసి ఆడే అబద్ధం అది. ఇద్దరూ నవ్వుకుని బేరంలోకి దిగేవారు. నమ్మేవాడు ఎదురైతే ఏం చేయాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకం భయపడుతున్న రోజులు. ఆ ప్రళయాన్ని ఆపడానికి కాన్‌బెర్రాలో దిగినవాళ్లలో నేనొకణ్ని. చేసే పని పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతకడం. జులై అక్కడ చలికాలం, పొద్దున్నే గడ్డి అంతా మంచు పట్టి ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉండేది.

డాక్టరుగారు అక్కడే పరిచయమయ్యారు. తెనాలి మనిషి, పాతికేళ్లుగా అక్కడే ప్రాక్టీసు. డెబ్బయ్యికి దగ్గర పడుతున్నా వారానికి రెండు రోజులు క్లినిక్‌కి వెళ్లేవారు. ఆయన గ్యారేజీలో ముదురాకుపచ్చ ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, గుడ్డ టాపు. మోకాళ్లు సహకరించక అమ్ముతానన్నారు.

మా కొట్టు పక్కన లారీల షెడ్డు ఉండేది, కాబట్టి ఇంజన్ల సంగతి నాకు కొంత తెలుసు. రేడియేటర్ మూత తీశాను. చలికి నీళ్లు గడ్డకట్టకుండా కలిపే కూలెంట్ అంచుదాకా ఉంది. మూత మళ్లీ బిగించేశాను. ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూశాను, ఆయిల్ శుభ్రంగా ఉంది. ఆయిల్ మూత కింద మాత్రం మీగడలాంటి నురగ. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి అది మామూలే. లోపల పట్టిన తేమ, అంతే. తేమ అనుకోగానే నా పెదవి దానంతటదే విరిగింది.

"ఈ నురగ చూడండి, ఇంజన్ బ్లాక్ పగిలి ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టుంది అంకుల్. కూలెంట్ లేక నీళ్లు గడ్డకట్టి ఉంటాయి."

"పోవోయ్, నాకే చెప్తావా" అంటారనుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డ వాళ్లావిడ వైపు తిరిగారు.

"ఏప్రిల్‌లో పోశాననే గుర్తు నాకు. కాదంటావా?"

"మొన్న స్టవ్ మీద పాలు మర్చిపోయారు. పోయిన వారం నన్ను లైబ్రరీ దగ్గర దింపి, నన్నే మర్చిపోయారు. కారొక లెక్కా," అంది ఆంటీ నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "కార్ అంటే సరే. పేషెంట్ విషయంలో మర్చిపోతే?"

అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పాను. "వయసు కదా అంకుల్, మామూలే," అన్నాను.

కారు సగం ధరకు నాదైంది. ఆ నెలాఖరుకు ఆయన క్లినిక్ మానేశారు.

ఆ చలికాలం నా జీవితంలో అందమైనది. ఇది ఒప్పుకోవడమే ఎక్కువ కష్టంగా ఉంది. సాయంత్రం బ్యాటరీ ఊడదీసి, దుప్పటి చుట్టి ఇంట్లో పెట్టుకునేవాణ్ని. పొద్దున్నే క్యాసెట్ పెట్టెతో అద్దం మీద మంచు గీకేవాణ్ని. చోక్ లాగితే ముసలాయన దగ్గినట్టు రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకునేది. హీటరు పనిచేయదు, టాపు కారుతుంది. మంకీ క్యాప్ పెట్టుకుని ఆఫీసుకు స్పోర్ట్స్ కారులో వెళ్లిన మనిషి ఆ ఊళ్లో నేనొక్కణ్నే అయ్యుంటాను. ఇప్పటికీ పెట్రోలు, తడిసిన తోలు కలిసిన ఆ వాసన తగిలితే ప్రాణం లేచి వస్తుంది. ఆ వెనకే ఆయన ముఖం.

కనిపించినప్పుడల్లా అడిగేవారు, "బ్లాక్ ఎట్లా ఉందోయ్?" బాగు చేయించానని చెప్పేవాణ్ని. ఎందుకు చెప్పలేకపోయాను? కారు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందనా? కక్కుర్తి మనిషినని తెలిసిపోతుందనా? ఆయనకు నిజంగానే మతిమరుపు వస్తోందేమో, నేను మంచే చేశానేమోనని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాలు పొంగబెట్టని మనిషి ఎవరు? నాలుగేళ్ల తర్వాత నా పెళ్లికొచ్చి, మా నాన్న పక్కన కూర్చుని, చిలకలూరిపేటలో తను చదువుకున్న రోజుల నాటి కొట్లన్నీ వరసగా చెప్పుకుంటూ పోయారు. ఒక్కటి తప్పలేదు. నాన్నే రెండు మర్చిపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. కూలెంట్ మర్చిపోయిన ఏడాదే ప్రాక్టీసు మానేశానని అందరికీ చెప్పేవారు. రెండు చలికాలాల కిందట పోయారు. వెళ్లాను. ఆంటీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్తున్నాను. మీరు పోశారు అంకుల్. మూత తీసి నేనే చూశాను. పచ్చగా, అంచుదాకా ఉంది.