సన్యాసి బొటనవేలు

ఇరవై రెండేళ్లుగా నా కుడిచేతి బొటనవేలు బరువుగా ఉంది. వాపు కాదు, నొప్పి కాదు. అబద్ధం బరువు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పేస్తాను, వినండి.

అప్పుడు మెల్‌బోర్న్‌లో నలుగురం అమ్మాయిలం ఊరి శివారు క్లేటన్‌లో ఇల్లు తీసుకుని, రైల్లో యూనీకి, అదే యూనివర్సిటీకి, వెళ్ళేవాళ్ళం. నాకు యూనీ లైబ్రరీలో, పాత పుస్తకాల గదిలో చిన్న ఉద్యోగం. అక్కడ ఏడువందల ఏళ్ళనాటి లాటిన్ బైబిలు ఆకు ఒకటి ఉండేది. జేబులో పట్టే బైబిలు కదా, ఆకు నా అరచేతికంటే కాస్త పెద్దది, అంతే. దూడచర్మాన్ని ఉల్లిపొరంత పల్చగా చేసి, ఆవగింజలంత అక్షరాలు రాశారు. పక్కన నిలువునా ఒక పెద్ద నీలి అక్షరం, చుట్టూ బంగారు తీగలు, చివర నాలుక చాపిన పిట్ట. అది యోహాను సువార్త మొదటి పేజీ అని తెలియగానే నా ఒళ్ళు జలదరించింది.

సువార్త తెరిస్తే బొటనవేలితో నుదుట, పెదవుల మీద, గుండె మీద సిలువ వేసుకోవడం మా ఇంట్లో చిన్నప్పటినుంచీ అలవాటు. చేతులు శుభ్రంగా కడుక్కునే వెళ్ళాను. కానీ ఆ మధ్యాహ్నం పరీక్ష ఉందని, అమ్మ గుంటూరు నుంచి పంపిన ప్రార్థన నూనె పొద్దున్నే నుదుటికి దట్టంగా రాసుకున్నానే! ఆ సంగతే మర్చిపోయాను. సిలువ వేసుకున్నాను. అదే వేలితో ఆకు పట్టుకున్నాను. ఇంకేముంది, అంచున నిగనిగలాడుతూ అచ్చు పడింది.

మర్నాడు ఆ పాత పుస్తకాలమీద పాఠాలు చెప్పే ప్రొఫెసర్ గారు భూతద్దం పట్టుకుని చిన్నపిల్లాడిలా గెంతుతున్నారు.

“ఇన్నేళ్ళూ నా కంట పడలేదు చూడు! ఏ సన్యాసో భోజనం మధ్యలో ముట్టుకుని ఉంటాడు. నిన్న నువ్వు తీసినప్పుడు ఉందా ఇది?”

“ఉందండీ సర్, ముందునుంచీ ఉంది.”

పేరు పెట్టి పిలవమని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాలేదు. అబద్ధానికి మాత్రం ఠక్కున వచ్చింది.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని భయం. అది మొదటిరోజు మాట. మరి తర్వాత? ఆయన ప్రతి క్లాసుకీ ఆ ముద్ర చూపించి, ఆ సన్యాసికి ఆకలెక్కువని, చలికి వేళ్ళు కొంకర్లు పోయేవని కథలు చెబుతుంటే, వెనక నిలబడి నేనూ మురిసిపోయానని, ఒక్కోసారి నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తానని కూడా చెప్పకపోతే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది. సిగ్గులేనిదాన్ని!

ప్రతి క్రిస్మస్‌కీ ఆయన కార్డు వస్తుంది. ‘మన సన్యాసి కులాసా’ అని చివర రాస్తారు. ఈసారి కార్డులో, ఆ వేలిముద్ర మీదే పుస్తకం రాశాననీ, వచ్చే నెల అచ్చుకి ఇస్తున్నాననీ ఉంది. నా నవ్వు ఆగిపోయింది. ఆ పెద్దాయన నలుగురిలో నవ్వులపాలైతే? దానికి కారణం నేనేగా?

నిన్న ఉత్తరం రాశాను. నాలుగు ముక్కలే. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. రాశాక, అసలు నమ్ముతారా అని అనుమానం వచ్చింది. వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి, బొటనవేలు ముంచి, సంతకం పక్కన గట్టిగా నొక్కాను. ఆయన దగ్గర భూతద్దం ఉందిగా, పోల్చి చూసుకుంటారు.

పోస్టు చేసేశాను. జవాబు ఏం వస్తుందో ఏమో. వేలు మాత్రం తేలికైంది.