స్వరూపక్క ఫోటో, చెప్పుల దాకా

నిన్న పొద్దున ఆఫీసు గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. స్వరూప ఇక లేదు అని.

మిగతా వాక్యం ఇంకా రావాల్సి ఉందేమో అనుకున్నాను. ఫోన్ అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఇంకేమీ రాలేదు.

జ్వరమని సెలవు పెట్టిన మనిషి. సోమవారం వస్తానంది. డెంగీ అని ఆస్పత్రిలో చేరాక గానీ తెలియలేదట.

నాకు పోస్టులు రాసే అలవాటు లేదు. అక్క గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

కరీంనగర్‌లో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. నేను చేరినప్పుడు పక్క కుర్చీ స్వరూపక్కది. సిరిసిల్ల మనిషి. వాళ్ల బాపు మరమగ్గాల మీద పనిచేస్తాడు.

నేనేమో కాన్వెంట్‌లో చదివి, నోరు విప్పకుండా పుస్తకం ముందేసుకునే రకం. మొదటి రోజే నాకు "సిస్టరమ్మ" అని పేరు పెట్టేసింది.

మేం కలిసి చేసిన మొదటి పని ఒక ఆస్పత్రి కోసం. దూరాన జైనూర్ వైపు అడవి ఊళ్లలో ఆశా వర్కర్లు పుండ్లూ దద్దుర్లూ ఫోన్‌లో ఫోటో తీసి పంపుతారు. ఇక్కడ డాక్టర్ చూసి మందు చెప్తాడు. ఆ ఫోటోలను సర్వర్ వైపు అందుకునే కోడ్ నాకు ఇచ్చారు.

మొదట ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు. వచ్చిన బైట్లను, అంటే ఫోటోని మోసుకొచ్చే అంకెలను, నేను అక్షరాలుగా మార్చి దాస్తున్నాను. ఫోటో బైట్లు అక్షరాలు కావు. అలా మారిస్తే పాడైపోతాయి.

నా స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు చూసి అక్క అంది: "అన్నీ చదువుడేనా సిస్టరమ్మా? ఇది పుస్తకం గాదు. వచ్చింది వచ్చినట్టు పట్టుకో."

పట్టుకున్నాను. ఆఫీసులో ఫోటోలు చక్కగా వచ్చాయి. మా పని అయిపోయిందనుకున్నాం.

తర్వాత జైనూర్ దగ్గరి ఊరి నుంచి లక్ష్మీబాయి అనే ఆశా వర్కర్ ఫోన్ చేసింది.

"మేడం, కాలు వచ్చిందంట, పుండు రాలేదంట. సారు మల్ల పంపుమంటుండు. ఎన్నిసార్లు పంపాలె?"

షుగర్ ఉన్న ఒక ముసలాయన కాలు అది. మడమ పైదాకా కనిపిస్తోంది. దాని కింద అంతా బూడిద రంగు. పుండేమో వేళ్ల దగ్గర.

"ఈడ కూసుంటే తప్పు దొరకది. పా, పోయి చూద్దాం," అంది అక్క.

రెండు బస్సులు మారాం. ఆ ఊళ్లో సిగ్నల్ బోరింగు దగ్గర మాత్రమే, అదీ సన్నగా. పరీక్షించడానికి ఒక పెద్ద ఫోటో కావాలి.

కెమెరా కనిపిస్తే ఆమడ దూరం పోయే అక్క, తనే వెళ్లి బోరింగు పక్కన నిలబడింది.

"నన్నే తియ్యి. ఎట్లయిన సగమే వస్త గద."

నిజంగానే నా ల్యాప్‌టాప్‌లో సగమే వచ్చింది. పాపిట, నుదురు, కళ్లు. కింద బూడిద.

"మంచిగైంది. ముక్కే నాకు సక్కగుండది."

లక్ష్మీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడు అర్థమైంది. ఫోటో సర్వర్‌కి ఒక్కసారిగా రాదు. ముక్కలు ముక్కలుగా వస్తుంది. నేను మొదటి ముక్క రాగానే ఫైల్ మూసేస్తున్నాను. ఆఫీసు వైఫై మీద మేం పంపిన చిన్న ఫోటోలు ఒకే ముక్కలో వచ్చేశాయి కాబట్టి ఆ తప్పు బయటపడలేదు.

అక్క నా కోడ్ వైపు చూసి, "మా బాపు గుడ్డ మొత్తం దిగకముందే కత్తెర పెడ్తడా? ఆఖరు పోగు దాక ఆగాలె పిల్లా," అంది.

లక్ష్మీబాయి వాళ్ల అరుగు మీదే కూర్చుని మార్చాను. ముక్కలన్నీ పోగుచేసి, చివరిది వచ్చాకే కలిపి ఫైల్‌గా దాచాలి. అక్క ఫోటో మళ్లీ పంపాం.

ఈసారి మొత్తం వచ్చింది. ముక్కు, నవ్వు, దుమ్ము పట్టిన చెప్పుల దాకా.

ఆ సాయంత్రమే ముసలాయన పాదం డాక్టర్‌కి చేరింది. ఆయన్ను వెంటనే పిలిపించాడు. వేళ్లు తీయాల్సిన అవసరం రాలేదు.

పరీక్ష ఫోటో తీసేయనా అని అడిగాను. "ఉండనియ్. మల్ల పనికొస్తది," అంది.

అప్పటి నుంచి మా ఆఫీసులో అదే పద్ధతి. కోడ్‌లో ఏ చిన్న మార్పు చేసినా ముందు పంపేది అక్క ఫోటో. చెప్పులు కనిపించాయా అని అడుగుతారు. కనిపిస్తేనే మిగతా పని.

నిన్న సిరిసిల్ల వెళ్లాను. వాకిట్లో జనం. అక్క వాళ్ల తమ్ముడు అందరి ఫోన్లూ అడిగి చూస్తున్నాడు. పటం కట్టించడానికి ఒక్క ఫోటో లేదు. పెళ్లిళ్లలో ఎవరో ఒకరి వెనక ఉంది. లేదంటే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా బిడ్డ మొఖం ఒక్కటన్న సక్కగ లేదాయె," అంటోంది అక్కను కన్న అవ్వ.

నేను పక్కకి వెళ్లి ఫోన్‌లో మా సర్వర్ తెరిచాను.

నెట్ సరిగ్గా లేదు. ఫోటో పైనుంచి మెల్లగా దిగసాగింది. పాపిట. నుదురు. కళ్లు.

అక్కడ ఆగింది.

ఆఖరు పోగు దాక, అనుకున్నాను. ఫోన్ కదపలేదు.

ముక్కు వచ్చింది. నవ్వు వచ్చింది. బోరింగు, చీర కుచ్చిళ్లు, చెప్పులు.

అవ్వకి చూపించాను. ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఇది యాడ దిగింది బిడ్డా?"

జైనూర్ అవతల అని చెప్పాను.

"గంత దూరం పోయిందా? ఇంట్ల చెప్పనే లేదు," అంది. అని, కొంగుతో నా ఫోన్ అద్దం తుడిచింది.

ఇవాళ వాళ్లింట్లో కట్టించి పెట్టిన పటం అదే.

పూర్తిగ వచ్చినవ్ అక్కా.

ఇంక ఏ ఫికర్ లేకుండ పండుకో.