దొరసాని కొడుకూ మా మేనల్లుడూ

పొద్దున ఏడింటికి ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. మొగుడు పోయిన మా చెల్లెలు లక్ష్మమ్మను పుట్టింటికి పంపుతామని ఆమె మామ కబురు పెట్టాడు. ఐదేళ్ల మనవణ్ణి మాత్రం పంపనన్నాడు. వాణ్ణి వదిలి ఆమె రాదు, వచ్చినా బతకదు. ఇద్దర్నీ తీసుకురావాలని నా ప్రయాణం.

టికెట్టు అర్ధరూపాయి. "కర్నూలు రాజధాని అయితే ఛార్జీ పెంచల్లనా అప్పా?" అన్నాను.

"దిగి నడువు శెట్టీ, ఊరికే పోవచ్చు" అన్నాడు కండక్టరు. అంగట్లో పెరిగినవాణ్ణి, అడగందే ఉండలేను. అడిగి మాటపడటమూ అలవాటే.

ఈ దారిన వెళ్లేవాళ్లు పొద్దుటిపూట ఎడమపక్క కూర్చోండి, ఎండ తగలదు. నా పక్కన ఒక సాయిబు, ఎమ్మిగనూరు హైస్కూల్లో చరిత్ర మాస్టరు. నేను సంచి ముడి మాటిమాటికీ విప్పి కట్టడం చూసి సంగతి అడిగాడు. విని చేతిలోని పుస్తకం మూశాడు.

"ఈ పొద్దు నేను చెప్పే పాఠమూ ఇట్లాంటిదే శెట్టిగారూ. వందల ఏండ్ల కిందట ఇంగ్లండులో ఒక దొరసాని. మొగుడు యుద్ధంలో పోయినాడు. తండ్రి లేని వారసుడు రాజు సొత్తని ఆ దేశపు కానూను. రాజు ఆ పిల్లోణ్ణి తీసుకుపోయి, పెంచే హక్కు, పెండ్లిచేసే హక్కు కలిపి ఇంకో దొరకు అమ్మినాడు. ఇద్దరు కూతుళ్లు పరాయి కోటల్లో పెరిగినారు, వాళ్ల పెండ్లిళ్లు కూడా ఆమె చూడలేదు. ఆమెకూ కొత్త మొగుణ్ణి రాజే చూసినాడు. వద్దన్నందుకు రాజుకు రుసుం కట్టింది. పొలాలు తానే చూసుకొని, నగలమ్మి, ఆఖరుకు ఆ దొర దగ్గర కొడుకును కొనుక్కొన్నది. వాని ఇంట్లోనే కన్నుమూసింది."

"ఎంతకు కొన్నది?" అన్నాను. మాస్టరు నవ్వాడు. నాకు సిగ్గేసింది.

బయట నల్లరేగడిలో పత్తి పగిలి ఉంది. ఏ చేను ఎంత ఇస్తుందో లెక్కకట్టే నేను ఆ పొద్దు అటు చూడలేదు. ఎమ్మిగనూరులో దిగి రెండణాల బొరుగుల ఉగ్గాణి తీసుకున్నాను. పొట్లం అట్లే సంచిలో పెట్టి నడిచాను.

వాళ్లింటికి వెళితే లక్ష్మమ్మ నీళ్లిచ్చింది. మనసు ఆగక దొరసాని కథ ఆమెకు చెప్పేశాను.

"ఆ యమ్మను ఒక మాట అడక్కుండానే కొడుకును అమ్మినారా?" అంది.

ఆమె మామ ఎదురుగా కూర్చుని తువాలు పరిచాడు. మా పత్తి బేరాల్లో ధర నోటితో చెప్పం. తువాలు కింద చేయి పెట్టి, ఎదుటివాడి వేళ్లు పట్టుకుంటాం. ఎవరికీ కనపడదు. ఆయన నా వేలు ఒకటి పట్టాడు. అంటే పిల్లవాడు ఒక్క ఏడాది తల్లి దగ్గర, ఆ తరువాత వాపసు. నేను ఐదు వేళ్లు పట్టాను. ఆయన రెండు. నేను నాలుగు. మూడుకు దిగబోతున్నాను.

"అన్నా, తువాలు తీయి" అంది లక్ష్మమ్మ, తలుపు దగ్గర నుంచి. "మామా, ఎన్నేండ్లకో నోటితో సెప్పు. వాడూ ఈడే ఉండాడు, వింటాడు."

తువాలు నేనే లాగేశాను. పిల్లవాడు తల్లి కొంగు పట్టుకుని తాత ముఖం చూస్తున్నాడు. ముసలాయన నోరు తెరిచాడు. అంకె రాలేదు.

"పండగలకు తోలుకొని రామ్మా" అన్నాడు, తువాలు నా చేతిలోంచి తీసుకుంటూ. "వానిది నా పేరే. నన్ను మరిపించొద్దు."

మధ్యాహ్నం మూడింటి బస్సు పట్టుకున్నాం. ఆయన మనసు మార్చుకుని మనిషిని పంపుతాడేమోనని, బస్సు కదిలినా నేను వెనక్కే చూస్తున్నాను. కండక్టరు పొద్దుటివాడే.

"పిల్లోనికి ఎన్నేండ్లు శెట్టీ?"

టికెట్టు తప్పుతుందని మూడు నిండలేదనబోయాను. "ఐదు" అంది లక్ష్మమ్మ.

"అర టికెట్టు. బేరముందా?"

అడిగినంతా తీసి ఇచ్చాను. దొరసాని తన కొడుక్కు ఎంత కట్టిందో మాస్టరు చెప్పనే లేదు. మావాడు పావలాకు వచ్చాడు.