మొదటి జీతానికి మల్లన్న కావలి

ఆ రోజుల్లో పండక్కి బట్టలు కొనడమంటే మా ఇళ్లలో చిన్నపాటి దండయాత్ర. ఇప్పటి పిల్లలు ఒక సంచీ ఊపుకుంటూ బజారుకు పోయి నవ్వుకుంటూ తిరిగొస్తుంటే నాకు వింతగా ఉంటుంది. మేమైతే ఏం కొనాలన్న దానికంటే ఏం పోగొట్టుకోకూడదన్న దాని గురించే ఎక్కువ ఆలోచించేవాళ్లం. అందులోనూ కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లు మరీను. ఊరంతా డేరాలు, డేరాల్లో ఆఫీసులు, ఎటు చూసినా కొత్త మొహాలు. మద్రాసు నుంచి ఫైళ్లతో పాటు జేబుదొంగలు కూడా రైలెక్కి వచ్చేశారని మా డోనులో గట్టిగా చెప్పుకునేవారు. (ఫైళ్లకు డేరాలు దొరికాయి గానీ దొంగలకు ఎక్కడ బస దొరికిందో ఎవరూ చెప్పలేదు.) దీపావళి ముందర కర్నూలు బజారుకు పోయి, డబ్బు పోగొట్టుకోకుండా తిరిగొచ్చినవాళ్లు లేరన్నంతగా కథలు అల్లారు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. డోనులో ఎలిమెంటరీ స్కూల్లో కొత్తగా టీచరునయ్యాను. మూడు నెలలు జీతం రాలేదు, తర్వాత మూడు నెలలదీ ఒక్కసారే, సరిగ్గా దీపావళికి వారం ముందు వచ్చింది. సగం నాన్న చేతికిచ్చాను. మిగతా సగంతో ఏం చేయాలో నాకు పదేళ్ల వయసు నుంచే తెలుసు. మా అమ్మకు పట్టుచీర లేదు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ మా మేనత్త చీర అడిగి కట్టుకునేది. ఆ చీర కట్టుకున్న రోజు అమ్మ కడుపు నిండా తినేది కాదు, పులుసూ మజ్జిగా దగ్గరికి రానిచ్చేది కాదు. మా అత్త పంక్తిలో ఆ చివర కూర్చొని కూడా, "భద్రం, చీర భద్రం" అని అరిచేది. ఒకసారి అలా అరిస్తే పంక్తంతా అమ్మ వైపు చూసింది. అమ్మ చిన్నగా నవ్వి, తినకుండానే లేచిపోయింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నా డబ్బుతో అమ్మకు ధర్మవరం పట్టుచీర కొనాలని ఆ రోజే అనుకున్నాను.

అయితే పెళ్లికాని పిల్లను ఒంటరిగా కర్నూలు పంపరు గదా. నాన్నకు గూడ్సు షెడ్డులో సెలవు దొరకలేదు. చివరికి నాకు తోడుగా వచ్చింది ఎవరనుకున్నారు? ఆ అత్తే. నాన్నకు అక్క, మా పక్కింట్లోనే కాపురం. ఆమెకు మంచి పేరే ఉంది గానీ పిల్లలమంతా భద్రమత్త అనే అనేవాళ్లం. తలుపుకు తాళం వేసి లాగి చూసేది. వీధి చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి లాగి చూసేది. తాళంచెవి ఎవరికీ కనపడని చోట దాచి, ఎక్కడ దాచిందో తనకే తెలియక, అదే తలుపు రెండుసార్లు విరగ్గొట్టించింది. చీర అమ్మకని చెప్పినప్పుడు మాత్రం అత్త కాసేపు వక్కాకు నములుతూ నన్నే చూసింది.

"మీ అమ్మకు చెప్పొద్దు. గొడుగు కొనేదానికి పోతాండామని చెబుతాం," అంది.

బయల్దేరే రోజు పొద్దున అత్త నా డబ్బు అడిగి తీసుకుంది. తెల్లగుడ్డ ముక్కకు పసుపు రాసి ఆరబెట్టి, నోట్లు మడిచి అందులో పెట్టి, పైన ఒక వక్కా నాలుగు బియ్యపు గింజలూ వేసి, మూడు ముళ్లు బిగించింది. కుంకుమ అద్దింది. గోడమీది శ్రీశైలం మల్లన్న పటం ముందు పెట్టి, కళ్లు మూసుకొని ఏదో గొణిగింది. చూస్తే అది అచ్చం ముడుపు. మా సీమలో మొక్కుకొని దేవుడికి కట్టిన ముడుపును ఎవరూ విప్పరు. కొండకు మోసుకుపోయి హుండీలో వేయాల్సిందే.

"ఇదేందత్తా, ఇది చీర డబ్బు గదా?" అన్నాను.

"నీకు తెల్దులే. దొంగనాయాలు మనుషులకు భయపడడు, పోలీసోళ్లకు భయపడడు. మల్లన్నకు భయపడతాడు. దేవుని దుడ్లు ముట్టినోని చెయ్యి కొయ్యబారి పోతాది. ఇంత బందోబస్తు ఆ కలెక్టరుకు కూడా లేదు."

ఆ మూటను తన వక్కాకు తిత్తిలో వేసి, తిత్తిని రొంటిన దోపుకుంది. రైల్లో నాకు నియమాలు చెప్పింది. ఎవరైనా టైమెంతని అడిగితే వాడు దొంగ. దారి అడిగితే దొంగ. మనం అడక్కుండానే దారి చూపిస్తే పెద్ద దొంగ. ఎదురుగా కూర్చున్న సాయిబు తాత ఇది విని, "డబ్బు రెండుచోట్ల పెట్టుకోవాలమ్మా, హుషార్‌గా ఉండాల," అన్నాడు. పక్కనున్నావిడ, రెండుచోట్ల పెడితే రెండుసార్లు పోతుంది, ఒకచోటే ఉండాలంది. నేను ఎవరి మాట నమ్మాలో తెలియక అందరికీ తలూపాను. దిగేటప్పుడు ఆ తాత మా బుట్ట అందించబోతే అత్త లాక్కుంది. పాపం, ఆయన మొహం ఇప్పటికీ గుర్తుంది.

కొండారెడ్డి బురుజు దాటాక బజారులో అడుగు తీసి అడుగు వేయలేని రద్దీ. దీపావళి టపాకాయల అంగళ్లు, ప్రమిదల కుప్పలు, బండ్లు, సైకిళ్లు, మిఠాయి వాసన. నేనవేవీ సరిగ్గా చూడలేదు. అత్త కొంగు పట్టుకొని, అత్త వీపు చూస్తూ నడవడం నా పని. అత్త పని పది అడుగులకొకసారి రొంటిన తడిమి చూసుకోవడం. (మా డబ్బు ఎక్కడుందో బజారుకంతా చెప్పింది ఆ చెయ్యేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.) ఒకాయన నిజంగానే టైమెంతని అడిగాడు. అత్త నన్ను లాక్కొని పరుగులాంటి నడక నడిచింది. తప్పించుకున్నామనుకొని చూస్తే వచ్చిన దారిలోనే వెనక్కి పోతున్నాం. మూడుసార్లు అదే గాజుల అంగడి ఎదురైంది. మూడోసారికి ఆ గాజులాయనే, "ఏమ్మా, ఏం కావాలో చెప్తే దారి చూపిస్తాను గదా," అన్నాడు. అడక్కుండా దారి చూపించేవాడు పెద్ద దొంగ గదా. మళ్లీ నడక.

ఎలాగో బట్టలంగడి చేరాం. లోపల తెల్లటి పరుపుల మీద ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టే ఉన్నారు. షావుకారు నుదుట విభూతి రేఖలు, గొంతు మెత్తన. చీరలు పరిచీ పరిచీ అలసిపోయాక వంకాయ రంగు చీర ఒకటి తీశాడు. ఆవపువ్వు రంగు అంచు. దాన్ని చూడగానే అది మా అమ్మదని నాకు తెలిసిపోయింది. అత్తకూ తెలిసిపోయినట్టుంది. చీర అంచు వేళ్లతో పట్టుకొని, "ఇది దానికి బాగుంటాది," అంది మెల్లగా. తర్వాత రొంటిన చెయ్యి పెట్టింది.

తిత్తి ఉంది. బరువు లేదు. పైకి తీసి చూస్తే, అడుగున బ్లేడుతో కోసినట్టు పొడుగాటి చీలిక. అత్త దాన్ని తిప్పి చూసింది, వేలు పెట్టి చూసింది, ఒళ్లో పెట్టుకొని కూర్చుండిపోయింది.    మూడు నెలలు పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించి గొంతు పోగొట్టుకున్నది ఇందుకా అని నాకనిపించింది. ఎదురుగా ఆ చీర అలాగే పరిచి ఉంది.

అంతలో నీళ్లకని బయటికి పోయిన గుమాస్తా తిరిగొచ్చి, "అయ్యా, ఈ ముడుపు ఎవురిదో గుమ్మం కాడ దీపం గూట్లో పెట్టి ఉండాది," అన్నాడు. అతని చేతిలో మా పసుపు మూట. మూడు ముళ్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. కుంకుమ కూడా చెదరలేదు. దొంగ తీశాడు, చూశాడు, పారేయలేదు. అంత రద్దీలో వెనక్కి వచ్చి, చెప్పుల మధ్య కాకుండా శుభ్రంగా దీపం గూట్లో పెట్టి పోయాడు. (వక్కాకు మాత్రం తిరిగివ్వలేదు. అది దేవుడిది కాదని అనుకున్నట్టున్నాడు.)

నేను సంతోషంతో మూట అందుకొని ముడి మీద చెయ్యి వేశాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. "విప్పొద్దే."

"చీరకు డబ్బులివ్వాలి గదత్తా."

"ఇంక యాడి చీరే? దొంగ చేతికి పోయింది తిరిగొచ్చింది. స్వామి తనదని చూపించినాడు."

"దొంగల కోసమని నువ్వే గదా కట్టింది? ఇది ఉత్తుత్తి ముడుపు గదా?"

"కట్టింది నేనే గానీ, కాపాడింది నేను కాదు గదే."

నాకు తల తిరిగింది. దొంగ తీసుకోకపోతే డబ్బు మాది. దొంగ తీసుకొని ఇచ్చేస్తే దేవుడిది. అసలు తీసుకొని ఇవ్వకపోయి ఉంటే ఎవరిదయ్యేది? అంగట్లో ఆడవాళ్లు రెండుగా చీలిపోయారు. విప్పొచ్చని కొందరు, కళ్లు పోతాయని కొందరు. నేను షావుకారు వైపు ఆశగా చూశాను. వ్యాపారం చేసుకునేవాడు, ఎదురుగా బేరం. ఆయన రెండు చేతులూ జోడించి, మూటకు దండం పెట్టి, చీర మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఏమనుకోవద్దు తల్లీ. దొంగే ముట్టలేదు. నేను ముట్టితే వానికంటే హీనం అయితాను గదా. ఈ చీర పండగ దాకా తీసి పక్కన పెడతాలే," అన్నాడు.

ఒట్టి చేతులతో రైలెక్కాం. ప్రపంచంలో అంత భద్రంగా ఉన్న డబ్బు ఇంకెక్కడా ఉండదు. దొంగా తీసుకోడు, షావుకారూ తీసుకోడు, మేమూ ఖర్చుపెట్టుకోలేం. దారంతా నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అత్త ఒక్కసారి కూడా భద్రం అనలేదు.

ఇంట్లో అమ్మ గొడుగు ఏదని అడిగింది. నా మొహం చూసి, కూర్చోబెట్టి, అంతా చెప్పించుకుంది. చీర సంగతి తప్ప అంతా చెప్పాను. అమ్మ ఏమాత్రం కంగారుపడలేదు.

"కట్టేటప్పుడు స్వామికి ఏమని చెప్పినావు వదినా?"

"పిల్ల మొదటి జీతం, రోంత చూసుకో సామీ అంటి."

"నీకిస్తాను అన్యావా?"

అత్త ఆలోచించింది. "అనలేదు."

"మరింకేం? చేనికి కావలి ఉన్నోనికి కూలి ఇస్తారు గానీ, చేనే రాసిస్తారా? స్వామికి కూలి తీసిపెట్టి, పిల్ల దుడ్లు పిల్లకిచ్చెయ్యి." ఇంత సులువుగా తేలిపోయే చిక్కును కర్నూలు బజారంతా కలిసి తేల్చలేకపోయింది. నేను ఊపిరి పీల్చుకునేలోగా అమ్మ, "ఇంతకీ దీంతో ఏం కొనాలని పోయినారు?" అంది.

అత్త పైకప్పు చూసింది. నేనే చెప్పాల్సి వచ్చింది. "నీకు పట్టుచీర."

అమ్మ చేతిలో మూట ఉంది.  లేచి, దాన్ని మల్లన్న పటం ముందు పెట్టేసింది. "నా చీర కోసం దేవుని ముడి విప్పుతానా? వద్దు. స్వామికే పోనీ." ఇందాకటి తీర్పంతా ఏమైందో నాకర్థం కాలేదు. నా డబ్బైతే విప్పొచ్చు, తన చీరైతే విప్పకూడదు. మా అమ్మ లెక్కలు ఎప్పుడూ అంతే.

అప్పుడు అత్త లేచింది. పటం ముందున్న మూట తీసుకుంది. "అవతలికి జరుగు. కట్టింది నేనే, విప్పేది నేనే. పాపమొస్తే నాకు రానీ. ఇరవై ఏండ్లు నా చీర కట్టుకొని ముడుచుకోని ముడుచుకోని కూచున్యావు. నేను అందర్లో భద్రం భద్రం అని అరస్తా వస్తి. ఆ పాపం కంటే ఇది పెద్దదా?" అంటూ పళ్లతో ముడి లాగింది. మూడు ముళ్లలో రెండు వచ్చాయి, మూడోది రాలేదు, ఆమె బిగింపు అలాంటిది. అమ్మ ఏడుస్తూనే వచ్చి మూడోది విప్పింది. నేను ఇద్దర్నీ చూస్తూ నిలబడ్డాను. అత్తకు అవన్నీ గుర్తున్నాయని నాకు తెలియదు.

రెండు రూపాయలు మల్లన్న కావలి కూలి అని అదే పసుపు గుడ్డలో కట్టి పటం ముందు పెట్టాం, తర్వాత శివరాత్రికి నడిచిపోయేవాళ్ల చేత శ్రీశైలం పంపాం. దీపావళికి రెండు రోజుల ముందు ముగ్గురం కర్నూలు పోయాం. డబ్బు అమ్మ చేతిలో, పిడికిట్లో. షావుకారు నోట్లు అందుకొని, పసుపు వాసన తగిలిందేమో, ఒక్క క్షణం ఆగాడు. అమ్మ కావలి కూలి సంగతి చెప్పింది. ఆయన నోట్లు కళ్లకద్దుకొని గల్లాలో వేసుకున్నాడు. ఆ దీపావళికి అమ్మ వంకాయ రంగు చీర కట్టుకొని, రెండుసార్లు మజ్జిగ పోయించుకొని తిన్నది. చీర మీద ఒక చుక్క పడింది కూడా. అత్త చూసింది, నోరు తెరిచింది, మూసుకుంది.

ఇప్పుడు నాకు మా అత్త వయసు దాటింది. పండగ బజారుకు పోతూ నేను రొంటిన చిన్న పసుపు మూట దోపుకుంటే మా కోడలు, "ఈ కాలంలో దొంగలకు కూడా దేవుడంటే భయం లేదత్తయ్యా," అని నవ్వుతుంది. నిజమే కావచ్చు. తాళం వేశాక నేనూ వీధి చివరి నుంచి వెనక్కి వస్తున్నానట, పిల్లలు చాటుగా నన్ను ఏమని పిలుచుకుంటున్నారో కూడా నాకు తెలుసు. పిలుచుకోనీ. రద్దీలో ఎవరైనా నన్ను రాసుకుంటూ పోతే చెయ్యి దానంతటదే మూట మీదికి పోతుంది. ఆ వెంటనే బ్లేడు చేతపట్టుకొని దీపం గూడు వెతుక్కున్న ఆ మనిషి గుర్తొస్తాడు. మేమంతా విప్పిన ముడిని విప్పనివాడు అతనొక్కడే. ఆ దీపావళికి వాళ్ల అమ్మకు అతను ఏం తీసుకుపోయాడో, ఏమో.