నేను ఊది ఆర్పని దీపం

పూటపూటా దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. తిన్న అన్నానికి, ఒంట్లో బాగున్నందుకు, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్నందుకు. కానీ ఎన్నో ఏళ్లుగా ఆ మాటలు చివరిదాకా సాగడం లేదు. మధ్యలో ఒక మనిషి పేరు అడ్డం పడుతుంది. వంశీ. అక్కడ ఆగిపోతాను. ఈ సంగతి మావారికి చెప్పలేదు. అమ్మకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను బడికి వెళ్లలేదు. కెనడాలో, బర్నబీలో, మా వంటింటి బల్ల దగ్గరే అమ్మ నాకు లెక్కలూ సైన్సూ తెలుగూ నేర్పింది. బాగా నేర్పింది, ఆ మేలు మరచిపోలేను. చదువు అయ్యాక, నలుగురిలో మెలగడం తెలియాలని అమ్మే నన్ను పర్యావరణ పరిరక్షణ దళంలో చేర్పించింది. మా వయసు వాళ్లచేత మొక్కలు నాటించేవారు, అడవి దారులు బాగు చేయించేవారు. వరదొస్తే ఇసుక బస్తాలు నింపడానికి, కార్చిచ్చు వస్తే ఊళ్లు ఖాళీ చేయించే వాళ్లకు సాయంగా పంపేవారు.

మా క్యాంపు సముద్రానికి దూరంగా, పొడినేల లోయలో ఉండేది. కొండవాలు కింద రేకుల షెడ్డు. అందులో నీళ్ల పైపులు, పంపులు. ఆ వేసవి వానే లేదు. ఫైర్ బ్యాన్ పెట్టారు. బయట ఎక్కడా నిప్పు వెలిగించకూడదు. సిగరెట్ తాగేవాళ్లు కంకర పరిచిన పార్కింగ్ దాకా వెళ్లి, నీళ్ల బకెట్ పక్కన నిలబడే తాగాలి.

నా సంచిలో అమ్మ చేసిచ్చిన వత్తులు, చిన్న సీసాలో నెయ్యి, ఇత్తడి ప్రమిద ఉండేవి. సాయంత్రం దీపం మాననని అమ్మకు మాటిచ్చాను. ఫైర్ బ్యాన్ గుర్తులేదా? గుర్తుంది. కానీ నా బుర్రలో దీపం వేరు, మంట వేరు. పుట్టి బుద్ధెరిగాక దీపాన్ని మంట అని ఒక్కసారైనా అనుకోలేదు. దేవుడి ముందు వెలిగేది ఎవరికైనా హాని చేస్తుందా? ఎంత అమాయకంగా ఉంది ఈ మాట! కాదు, అమాయకత్వం కాదు. అంత అమాయకురాలినైతే రోజూ షెడ్డు వెనక చాటుగా ఎందుకు పెట్టుకున్నాను?

ఆ సాయంత్రం దీపం వెలిగించి కళ్లు మూసుకున్నానో లేదో, భోజనాలకు పిలిచారు. వత్తి ఇంకా నిండుగా వెలుగుతోంది. దీపాన్ని నోటితో ఊదకూడదని అమ్మ చెప్పింది. ఇంట్లో అయితే పువ్వు పెట్టి ఆర్పేవాళ్లం. అక్కడ ఎండుగడ్డి తప్ప ఏముంది? వత్తిని నేతిలోకి నెట్టేసినా సరిపోయేది. అదీ తోచలేదు. దానంతట అదే శాంతిస్తుందిలే అనుకుని, గాలికి ఒక రాయి అడ్డం పెట్టి వెళ్లిపోయాను. ఒక్క ఊపిరి చాలు. ఒక్క ఊపిరితో పోయేది.

పొగ మొదట చూసింది నేనే. కేక పెట్టిందీ, బకెట్‌తో పరిగెత్తిందీ నేనే. అందరం కలిసి చీకటి పడేలోగా ఆర్పేశాం. షెడ్డు కూలిపోయింది. పైపులు, పంపులు మాడిపోయాయి. మేం వచ్చిన కొత్తలో నాటిన పైన్ మొక్కలున్న వాలంతా నల్లబడింది. ఎవరికీ దెబ్బ తగలలేదని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఏ ముఖంతో పెట్టుకున్నానో! చుట్టూ ఉన్నవాళ్లు నా భుజం తడుతున్నారు, నీవల్లే తొందరగా తెలిసిందని.

మర్నాడు పొద్దున అందరం వరసగా మోకాళ్ల మీద కూర్చున్నాం. మంట ఆరాక అలాగే చేస్తారు. గ్లవ్ తీసేసి, అరచేతి వెనక వైపు బూడిదకు దగ్గరగా పెడుతూ ముందుకు జరగాలి. కంటికి కనపడని నిప్పు చర్మానికి తెలుస్తుంది. నా పక్కన వంశీ. ఒంటారియోలోని లండన్ నుంచి వచ్చాడు. క్యాంపులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నా పూజలు చూసి పంతులమ్మా అని ఏడిపించేవాడు. నా వేళ్లకు ప్రమిద తగిలింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. వంశీ దగ్గొచ్చి అటు తిరిగాడు. నేను ప్రమిద తీసి జేబులో వేసుకున్నాను.

చూశారా? దీపం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

మధ్యాహ్నం షెడ్డు పునాది పక్కన సిగరెట్ పీక దొరికింది. పార్కింగ్ దాకా నడవడానికి బద్ధకించి వంశీ అక్కడే కాలుస్తాడని అందరికీ తెలుసు. మా ట్రైనర్ అడిగితే, నాదే అన్నాడు. ఇంకెవరికైనా ఏమైనా తెలుసా అని ట్రైనర్ మా అందరినీ అడిగాడు. నలుగురిలో చెయ్యెత్తడం నాకు అలవాటు లేదు. నిజమే. కానీ అది సాకు. చెయ్యి ఎలా ఎత్తాలో తెలియక కాదు నేను ఎత్తనిది.

అతన్ని ఇంటికి పంపేశారు. వ్యాన్ దగ్గర సామాను పెడుతుంటే వెళ్లి నిలబడ్డాను.

“ఏంటి పంతులమ్మా ఆ ఫేసు? నేనేం చచ్చిపోలేదు కదా!”

“నువ్వే అని నీకు గట్టిగా తెలుసా?”

“ఆర్పాననే అనుకున్నా. హానెస్ట్‌గా చెప్పాలంటే గుర్తులేదు. నేను కాకపోతే ఇంకెవరు? నువ్వా?” అని నవ్వాడు.

నేనూ నవ్వాను.

“ఫైర్ క్రూకి అప్లై చేద్దామనుకున్నా. ఇక నన్నెవడు తీసుకుంటాడు? మా డాడీ మాత్రం పార్టీ చేసుకుంటాడు, ఆ ఉద్యోగం పీడా పోయిందని.” బ్యాగు లోపలికి తోశాడు. నల్లబడ్డ వాలు వైపు చూశాడు. “ఆ మొక్కలన్నీ పోయాయే. నీ దేవుడికి నా పేరు చెప్పు, సరేనా? నీ మాటైతే వింటాడు.”

“చెప్తాను” అన్నాను. జేబులో ప్రమిద తొడకు గుచ్చుకుంటోంది.

సీజన్ చివర్లో సమయస్ఫూర్తి చూపించానని అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. థాంక్యూ అన్నాను. నా నోటికి అలవాటైన మాట.

వంశీ ఇప్పుడు ఒంటారియోలోనే, కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో పని చేస్తున్నాడు. కార్చిచ్చులు ఆర్పే ఆ ఫైర్ క్రూకి ఎప్పుడూ అప్లై చేయలేదట. నిరుడు చలికాలం తెలిసినవాళ్ల ద్వారా నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. ఆ మంట విషయం అని మొదలుపెట్టానో లేదో, అతనే అందుకున్నాడు. ఆ రోజు తప్పు ఒప్పుకోవడంతోనే తాను మనిషినయ్యానన్నాడు. ఆదివారాలు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే కథ చెబుతాడట, తప్పు చేస్తే దాచకూడదని. చాలా సంతోషంగా చెప్పాడు. ఆ సంతోషాన్ని ఎలా లాక్కోను? లాక్కోకపోవడం దయా, పిరికితనమా? రెండింట్లో ఏదో నాకు తెలుసు. పిల్ల బాగుందా అని అడిగి పెట్టేశాను.

దేవుడికి చెప్పుకున్నావు కదా, చాలదా అంటారేమో. ఆయన అక్కడే ఉన్నాడు, అంతా చూశాడు. తెలిసినవాడికి చెప్పడం ఒప్పుకోవడం ఎలా అవుతుంది?

అందుకే మీకు చెబుతున్నాను. నిప్పు పెట్టింది నేను. దాచింది నేను. వంశీ సిగరెట్ ఆర్పే ఉంటాడు.

ఈ మాటలు రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతే. ఇంకేమీ మారలేదు. వచ్చే ఆదివారం కూడా వంశీ తన కూతురికి ఆ అబద్ధమే చెబుతాడు, నిజమనుకుని.