వీపు మీది ఎర్ర మరక

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నాకంటే ముందు ఎవరూ నడిచేవారు కాదు. బడికి పోయేటప్పుడైనా, ఆటకు పోయేటప్పుడైనా నేను ముందు, తక్కిన పిల్లలు వెనక. ఇది నేను అడిగి తెచ్చుకున్న మర్యాద కాదు. వడమాలపేట చుట్టుపక్కల నాలుగూళ్ళు ఒకప్పుడు మా వంశం చేతికింద ఉండేవి. నేను పుట్టేనాటికి ఊళ్ళు పోయాయి, పొలాలు చాలావరకు పోయాయి, ఇంటి పైకప్పు సగం పోయింది. మర్యాద ఒక్కటి మిగిలింది. మా తాతయ్య బతికున్నన్నాళ్ళు నన్ను ఎదుట నిలబెట్టి, వీపు మీద అరచేత్తో తట్టి, "నిక్కి నిలబడు. మనింట్లో ఎవురూ వీపు వంచలేదు" అనేవారు. ఆయన పోయాక కూడా నా వీపు ఆ మాట మరిచిపోలేదు. ఇప్పటికీ మరిచిపోలేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పదకొండేళ్ళు. మా నాయన చిత్తూరు కోర్టు చుట్టూ తిరుగుతూ నెలకొకసారి ఇంటికి వచ్చేవారు. నన్ను సాకింది మా జేజి, అంటే మా నాయన తల్లి. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. బడి విడిచిన గంట వినబడగానే పలక ఇంట్లో పారేసి, ఇంటి ముందరి ఖాళీ జాగాలో పెంకులు పేర్చడానికి పరిగెత్తేవాణ్ణి.

మా ఆట పెంకులాట. ఏడు పెంకుముక్కల్ని దొంతరగా పేర్చి, గీత దగ్గర నిలబడి బంతితో కొట్టాలి. మూడు దెబ్బల్లో దొంతర కూలకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. కూలిందంటే ఇక పరుగే. కూల్చినవాళ్ళే మళ్ళీ పేర్చాలి. వాళ్ళు పేర్చేలోగా అవతలివాళ్ళు బంతి అందుకుని వీపుల మీద కొడతారు. తగిలినవాడు చచ్చినట్టు లెక్క, పక్కకు పోవాలి. అందరూ చచ్చేలోపల ఏడు పెంకులూ నిలబడితే గెలుపు.

ఊళ్ళో తక్కినవన్నీ బోదగడ్డి కప్పిన ఇళ్ళు. పెంకుటిల్లు మాదొక్కటే. మా పడమటి సావడి కూలినప్పుడు రాలిన పెంకుల్లోంచే ఆ ఏడు ముక్కలూ ఏరుకున్నాము. బంతి కూడా నాదే. రబ్బరు బంతి తిరుపతి అంగళ్ళలో కూడా దొరకని కాలం. గుడ్డకు కరువొచ్చి, చిరిగిన పంచెను కూడా ఎవరూ పారేసేవారు కాదు. మా జేజి పెట్టెలోంచి తాతయ్య పాత తలపాగా తీసి, చీలికలుగా చించి, కొబ్బరిపీచు ఉండ మీద బిగించి చుట్టింది. ఆ బంతిలో అక్కడక్కడ జరీ పోగు మెరిసేది.

ఆమె బంతి చుడుతున్నప్పుడు నేను పక్కన కూర్చుని ఆ ఆట చరిత్ర చెప్పాను. అది మా తాతయ్య నాకు చెప్పిన చరిత్ర. మా పూర్వీకులకు ఏడు కొండకోటలు ఉండేవట. అవి శత్రువు కూల్చితే, బాణాలు మీద పడుతున్నా మావాళ్ళు మళ్ళీ కట్టుకున్నారట. దాన్ని చూసి ఊళ్ళో పిల్లలు ఈ ఆట కట్టారట.

మా జేజి నవ్వింది. "మీ వంశంలో పోగొట్టుకున్నవన్నీ కోటలే. పోయిన బర్రె గూడా కోటే" అంది.

"మరి ఏడే ఎందుకు జేజీ?"

"పూతలపట్టు కాడ మా నాయనింట్లో మేము ఆడపిల్లోళ్ళం ఈ ఆట ఆడినాము. తొమ్మిది పెట్టి సూసినాము, మీద పెట్టేకొద్దీ చెయ్యి వణికె. అయిదు పెడితే చిటికెలో అయిపాయె. బంతి పోయి మళ్ళా వచ్చేలోపల మనిషి చెయ్యి పేర్చగలిగేది ఏడే. అంతే, కోటా లేదు పేటా లేదు."

ఆ తర్వాత, దారం పళ్ళతో కొరుకుతూ ఇంకొక మాట అంది. "ఆ ఆటలో పెద్ద నియమం పెంకులది కాదురా. తగిలిందో లేదో తగిలినోడే చెప్పాల. విసిరినోడు దూరంగా ఉంటాడు. చూసేవాళ్ళు బంతిని చూస్తుంటారు. తగిలింది తెలిసేది వీపుకొక్కదానికే."

ఆ మాట నాకు పట్టలేదు. ఎందుకంటే నా వీపుకు ఎప్పుడూ ఏమీ తగల్లేదు. మూడేళ్ళుగా ఆడుతున్నా ఒక్క బంతి కూడా నన్ను తాకలేదు. తక్కినవాళ్ళు పెంకులు పేర్చడానికి వంగి, దొర్లి, మోకాళ్ళు గీరుకుని నానా తంటాలు పడుతుంటే, నేను నింపాదిగా కూర్చుని వీపు నిటారుగా పెట్టుకుని పేర్చేవాణ్ణి. బంతి నా పక్కనుంచి జానెడు దూరంలో పోయేది. నా అంత ఆటగాడు ఈ చుట్టుపక్కల లేడని నా నమ్మకం.

ఆ ఎండాకాలం ముందు తిరుచానూరు నుంచి ఒక పిల్ల మా ఊరికి వచ్చింది. నాకంటే ఏడాది పెద్దది. వాళ్ళ నాయన పటాలంలో చేరిపోతే, ఇక్కడ మేనత్త ఇంట్లో దించారు. పొద్దస్తమానం మేనత్తతో పూలు కట్టాలి. సాయంత్రం ఒక్క గంట ఆటకు వదిలేవారు. ఆ గంట కోసం ఆ పిల్ల రోజంతా ఎదురుచూసేదని ఇప్పుడు అర్థమవుతుంది. తిరుచానూరులో అమ్మవారి గుడి వీధిలో, బండ్ల మీద పోయే యాత్రికులకు కిందినుంచి పూలమూరలు విసిరి అలవాటు. బంతి పట్టుకుందంటే గురి తప్పేది కాదు. మా ఊరి పద్ధతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వచ్చిన నాలుగో రోజు. బావి నుంచి నీళ్ళు తోలిన కాలువ పొంగి, మా జాగా ఒకపక్క ఎర్రటి బురదయింది. మా జట్టు దొంతర కూల్చింది. బంతి దొర్లి బురదలో పడింది. నేను నా పద్ధతిలో కూర్చుని అయిదో పెంకు పెడుతున్నాను. వెనకనుంచి తడిసి బరువెక్కిన బంతి రెండు భుజాల నడుమ ధబ్బుమని తగిలింది. ఊపిరి ఒక్క క్షణం ఆగింది. చేతిలో పెంకు జారిపడింది.

"సచ్చినావు! పక్కకు పో!" అని అరిచింది ఆ పిల్ల.

ఆట ఆగిపోయింది. ఎవరో గుసగుసగా, "మేయ్, చిన్నదొర మే ఆయన!" అన్నారు.

"దొరయితే? దొరకి వీపుండదా?"

ఒకడికి నవ్వు వచ్చి నోరు మూసుకున్నాడు. ఆ నవ్వు నాకు బంతికంటే గట్టిగా తగిలింది. లేచి, నిటారుగా నిలబడి, "తగల్లేదు" అన్నాను.

"తగిలిన సద్దు నాకు ఈడికి ఇనబడె!"

"తగల్లేదు."

ఆమె తక్కినవాళ్ళ వైపు చూసింది. వాళ్ళందరూ నేల చూశారు. "తగల్లేదులే మే" అన్నాడు నవ్వు ఆపుకున్నవాడే. తొండి మాట చెప్పినవాళ్ళు ఎనిమిది రోజులు ఆటకు రాకూడదని మా నియమం. ఆ తీర్పు నేనే చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. బురద చేతులు పావడాకు తుడుచుకుని, జాగా చివర ఉన్న రాతిదిమ్మె మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. ఇంటికి పోతే మళ్ళీ పూలు కట్టమంటారని కాబోలు, గంట అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

ఆ సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మా జేజికి ఈ సంగతి నేనే చెప్పాను, తీర్పు చెప్పిన గొప్ప కొద్దీ. ఆమె తల ఎత్తకుండా విన్నది. "మరి నీకేమీ తగిలినట్టు తెలియలేదా?" అని ఒక్కటి అడిగింది. లేదన్నాను. మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. నేను కూర్చోలేక లేచాను, లేచి నిలబడలేక వాకిట్లోకి పోయాను, మళ్ళీ వచ్చాను. "ఏమిరా, చీమలు కుట్టినోడి మాదిరి తిరగతావు?" అంది. ఏమీ లేదన్నాను.

నాకున్నవి రెండు చొక్కాలు, తాతయ్య ఉత్తరీయాలు కోసి కుట్టినవి. ఒకటి చాకలికి పోయింది. విప్పిన చొక్కాను మా జేజి ప్రతి సాయంత్రం నీళ్ళలో జాడించి ఆరేసేది. మరునాటి ఉదయం చూస్తే చొక్కా కొయ్యకు అట్లాగే వేలాడుతోంది. దాని వీపు మీద నడిమధ్య బంతి అంత గుండ్రటి ఎర్ర మరక. చుట్టిన గుడ్డ చీలికల గీతలు కూడా అందులో అచ్చుపడి ఉన్నాయి.

"జేజీ, దీన్ని ఉతకలేదే?"

"ఉతికేదానికి ఏమయింది దానికి?"

"మరక ఉంది."

ఆమె దగ్గరికి వచ్చి, చొక్కాను వెలుతురుకు పెట్టి, ఎగాదిగా చూసింది. "మరకా? యాడ? నాకు కనపడలేదే. నీకేమీ తగల్లేదంటివి గదా నాయనా, తగలకుండా మరక యాణ్ణించి వస్తాది? తొడుక్కో, బడికి పొద్దుపోతాంది" అని నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది.

చొక్కా లేకుండా బడికి పోవడం మా ఇంట్లో లేదు. తొడుక్కున్నాను.

ఆ రోజు నేను పడిన అవస్థ చెప్పలేను. వీధిలోకి రాగానే పిల్లలు ఎప్పటిలాగా నన్ను ముందు పోనిచ్చి వెనక నిలబడ్డారు. నా కాళ్ళు కదల్లేదు. "మీరు పోండి" అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నడిచారు. నేను అందరికంటే చివర నడిచాను. నా జీవితంలో అదే మొదటిసారి. బడిలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. మేస్టరు నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, పక్కవాటుగా నడిచిపోయి, బల్లకు వీపు పెట్టి నిలబడి లెక్క నోటితో చెప్పాను. ఎటు తిరిగినా నా వెనక ఎవరో ఒకరు ఉన్నారు. ఆ మరక అందరికీ కనబడుతుంది, నాకొక్కడికే కనబడదు. చెయ్యి వెనక్కి పెట్టి తడిమితే గరుకుగా, ఎండిన మన్ను వేలికి అంటేది.

ఇంకా కష్టమైనదేమిటంటే, ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే దెబ్బలాడి ఉండేవాణ్ణి.

సాయంత్రం జాగాకు పోయాను. ఆ పిల్ల అప్పటికే రాతిదిమ్మె మీద కూర్చుని ఉంది. పిల్లలు పెంకులు పేర్చి, నేను మొదటి దెబ్బ కొడతానని బంతి అందించారు. నేను బంతి అందుకున్నాను. తర్వాత, పొద్దుటినుంచి దాచుకున్న వీపును అందరి వైపూ తిప్పి, పెంకుల మీదికి చూస్తూ అన్నాను.

"నిన్న తగిలింది."

వెనక్కి తిరగలేక అట్లాగే ఉన్నాను. చివరికి ఆ పిల్ల గొంతే వినబడింది.

"నాకు తెలుసులే. నీకు తెలిసేదానికి ఒక దినం పట్టె." దిమ్మె మీదినుంచి దిగి వచ్చింది. "మరి తొండి చేసినోళ్ళకి ఎనిమిది నాళ్ళని నువ్వేగదా చెప్పినావు?"

"నేనే కూర్చుంటాను."

"బంతి తీసుకుపోతావా?"

ఆ ప్రశ్నకు మాత్రం అందరూ తలలెత్తారు. బంతి నాది. పెంకులు మా ఇంటివి. నేను తీసుకుపోతే ఎవరూ కాదనరు, ఎనిమిది రోజులు ఎవరికీ ఆట ఉండదు.

"ఈడనే ఉంటాది" అని ఆమె చేతిలో పెట్టి, పోయి దిమ్మె మీద కూర్చున్నాను.

ఇంటికి పోయేసరికి మా జేజి చెయ్యి చాచింది. చొక్కా విప్పి ఇచ్చాను. ఏమీ అడగకుండా బావి గట్టుకు తీసుకుపోయింది. ఆ మరక పూర్తిగా పోలేదు. లేత గులాబీ రంగు నీడ ఒకటి నిలిచిపోయింది.

ఆ ఎనిమిది రోజులూ దిమ్మె మీద కూర్చుని చూశాను. మూడేళ్ళుగా నన్ను ఒక్కసారీ కొట్టలేకపోయినవాళ్ళు ఒకరి వీపుల మీద ఒకరు గురి తప్పకుండా కొట్టుకుంటున్నారు. ఒక్క బంతీ జానెడు పక్కగా పోలేదు. మిగిలిన మా భూముల్ని కౌలుకు చేసుకుంటున్న తండ్రులు, నాకు బంతి తగలనీయొద్దని ఇళ్ళల్లో చెప్పి పంపారని నాకు అక్కడే తెలిసింది. మూడేళ్ళు నేను ఆడింది ఆట కాదు. వాళ్ళు నా చుట్టూ బంతులు విసిరారు, అంతే. దిగి ఇంటికి పోదామనుకున్నాను, కానీ శిక్ష ఇంకా మూడు రోజులుంది.

తొమ్మిదో రోజు జట్టులోకి పోయాను. మొదటి బంతి నా పక్కగా జానెడు దూరంలో పోయింది. నేను లేచి నిలబడి, "తగిలేటట్టు కొట్టండప్పా" అన్నాను. ఎవరూ నమ్మలేదు. ఆ తిరుచానూరు పిల్ల నమ్మింది. ఆ తర్వాత తక్కినవాళ్ళు నమ్మారు. ఆ సాయంత్రం పావుగంటలో మూడుసార్లు చచ్చాను. ఆ ఊళ్ళో అందరికంటే చేతకాని ఆటగాణ్ణి నేనేనని తేలింది. పెంకులు పేర్చడానికి వీపు వంచాలని ఆ ఎండాకాలం నేర్చుకున్నాను. నేర్చుకునేసరికి వీపంతా కమిలిపోయింది. మా జేజి నూనె రాస్తూ, "ఇప్పుడు తెలస్తాందా?" అని ఒక్కసారి అడిగింది. తెలుస్తోందన్నాను.

మరుసటి ఏడాదికి ఆ చొక్కా నాకు పొట్టిదయింది. మా జేజి దాన్ని చీలికలు చేసి, అరిగిన బంతి మీద మరొక పొరగా చుట్టింది. ఆ గులాబీ నీడ ఉన్న చీలిక అందరికీ కనబడేటట్టు పైనే వచ్చింది. కావాలని చుట్టిందో, అట్లా కుదిరిందో నేను అడగలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, జాగా కూడా మాది కాదు. నన్ను చూసినవాళ్ళు ఈ వయసులో కూడా పెద్దాయన ఎంత నిటారుగా నడుస్తాడో అంటారు. అది మా తాతయ్య ఇచ్చింది. కానీ ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చి, లేదు, కాదు, నేనట్లా అనలేదు అని గట్టిగా అనబోయేటప్పుడు, నా ప్రమేయం లేకుండా కుడిచెయ్యి వెనక్కి పోయి రెండు భుజాల నడుమ తడుముతుంది. వేలికి మన్ను అంటిందేమోనని చూసుకున్నాకే నోరు తెరుస్తాను. చాలాసార్లు అంటుతుంది.