ఎర్ర గీత ఉన్న దుంగ

కోత మిల్లులో ఆయన్ని అందరూ గీతల మేస్త్రి అనేవారు. దుంగ రాగానే బెరడు వలిచి, తడిగుడ్డతో తుడిచి, అంగుళం అంగుళం వెతికేవాడు. కర్రలో మేకు దాగి ఉంటే పైన నల్లమచ్చ కనబడుతుంది. మచ్చ లేదని తేలాకే దుంగ మొదలు మీద ఎర్ర రంగుతో గీత గీసేవాడు. ఆ గీత లేనిదే ఏ దుంగా రంపం బల్ల ఎక్కదు. పనిలో దిట్టే గానీ నోరు చెడ్డది. పైపై తెల్లచెక్క పలకలను లోపలి గట్టి చేవ అని అంటగట్టబోయిన వాళ్లను నిలబెట్టి కడిగేసేవాడు.

అంతటి మనిషీ పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, కడుపు నకనకలాడుతుంటే, చూడకుండానే ఒక దుంగకు గీత గీసేశాడు. దుంగను రంపానికి తోసే పని సొంత తమ్ముడిది.

"అన్నా, చూశావా?" అన్నాడు తమ్ముడు.

"గీత కనబడట్లేదా? తొయ్యరా."

సగం కోతలో రంపం మేకును తాకి తెగింది. ఎగిరిన ముక్క తమ్ముణ్ణి బతకనివ్వలేదు.

పాత రంపం వాడాడని జనం యజమానిని తిట్టారు. చూడకుండా గీత గీసిన సంగతి ఈయన ఎవరికీ చెప్పలేదు. అదే ఆయన చేసుకున్న ఖర్మ. అప్పట్నుంచి రోజూ మిషన్ ఆపాక, రంపం తిరిగి తిరిగి నెమ్మదించే ఆ కాసేపూ "అన్నా, చూశావా?" అని వినిపించేది. చెవులు మూసుకున్నా వినిపించేది. మధ్యాహ్నం భోజనం తమ్ముడి భార్య దగ్గరే. ఆమె వడ్డిస్తుంటే తల ఎత్తేవాడు కాదు. ఆ ఇల్లు తప్ప ఆయనకు నా అన్నవాళ్లు లేరు.

మొన్న ఆ మరదలే మిల్లుకు వచ్చింది. ఇంటి తలుపుకు చెదలు పట్టింది, కొత్తది చేయించాలి. షెడ్డు వెనక, సగం కోసి వదిలేసిన, ఎవరూ ముట్టని ఒక దుంగ దగ్గర ఆగింది. అది ఏ దుంగో ఆమెకు తెలియదు.

"ఇది బాగా ఎండింది బావగారూ. దీన్నే పలకలు కోయించండి."

"అది వద్దమ్మా. పగుళ్లిచ్చింది."

ఆమె వంగి తడిమి చూసింది. "ఎక్కడండీ? చేవంతా గట్టిగానే ఉంది. అయినా మీ గీత ఉందిగా. మీరు గీత గీశాక ఇంకెవరైనా చూసేదేముంది?"

ఇంత భయం మేస్త్రి జన్మలో ఎరగడు. అవతల, తమ్ముడి చోట ఇప్పుడు దుంగలు తోసే మనిషి బల్ల దగ్గర నిలబడి ఎదురు చూస్తున్నాడు.

"తమ్ముడు పోయింది ఈ దుంగతోనే. గీత నేనే గీశాను. దుంగను చూడలేదమ్మా. వాడు అడిగాడు కూడా. తొయ్యమన్నాను."

ఆమె చెయ్యి ఆ ఎర్ర గీత మీదే ఉండిపోయింది.

"పదకొండేళ్లు నా చేతి అన్నం తిన్నారు," అంది మెల్లగా. దుంగ మీద నుంచి చెయ్యి తీసి వెళ్లిపోయింది.

భోజనం వేళకు అలవాటుగా కాళ్లు అటే నడిచాయి. చెదలు తిన్న ఆ తలుపుకు లోపల గడియ వేసి ఉంది. ఆయన తట్టలేదు.